నాన్నది మొండితనం కాదని చెప్పినవాళ్లకు

అందరికీ నమస్కారం. నాన్నను చూసుకున్న మీకు కృతజ్ఞతగా ఈ నాలుగు మాటలు ఎప్పుడో రాయాల్సింది, ఇప్పటికి కుదిరింది.

స్ట్రోక్ వచ్చి నాన్నకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఇంటికొచ్చాక మా అందరి కళ్లూ ఆ చేతి మీద, కాలి మీదే. ఈరోజు ఎన్ని అడుగులు వేశారు, పిడికిలి బిగుస్తోందా, ఇదే ధ్యాస. మాట బాగానే ఉంది, మనుషుల్ని గుర్తుపడుతున్నారు, ఇక మెదడుకేమీ కాలేదనుకున్నాం. కానీ బీపీ మాత్రలు కొన్ని డబ్బాలోనే ఉండిపోయేవి. అడిగితే "వేసుకున్నాగా" అనేవారు. నేను కసురుకునేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మూడో నెలలో ఫిజియోథెరపిస్టు గారు "ఆయన కావాలని చెయ్యట్లేదండీ. ఒకసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి" అన్నారు. ముందుగా ఆయనకు దణ్ణం. అది ఆయన పని కాదు, అయినా గమనించి చెప్పారు.

పరీక్ష చేసిన సైకాలజిస్టు మేడం గారి గురించి ఎంత చెప్పినా తక్కువే. మోకా అని, జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే 30 మార్కుల పరీక్ష. పది, పదిహేను నిమిషాల్లో అయిపోయేదే. ఆవిడ ముందుగా నాన్నకు కళ్లజోడు పెట్టించారు, మాట సరిగ్గా వినబడుతోందో లేదో చూశారు, రాత్రి నిద్రపట్టిందా అని అడిగారు. తర్వాత గడియారం గీసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నారు. నాన్న గుండ్రంగా సున్నా చుట్టి, పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరికించారు. ఎడమ సగం ఖాళీ. "అయిందమ్మా" అని కాగితం ఇచ్చేశారు.

ఇలాంటి స్ట్రోక్ వచ్చిన కొందరికి, కన్ను బాగానే ఉన్నా, ఎడమ పక్కన ఏదైనా ఉందన్న ధ్యాస మెదడుకు ఉండదట. మాత్రల డబ్బాలో మిగిలిపోయేవి ఎప్పుడూ ఎడమవైపు గళ్లలోవేనని నాకు అప్పుడు వెలిగింది.

మార్కులు 19. మామూలుగా 26 కన్నా తక్కువైతే ఇంకా పరీక్షలు చేయాలంటారు. అమ్మ అక్కడే ఏడ్చేసింది. మేడం అమ్మ చెయ్యి పట్టుకుని, "ఈ ఒక్క కాగితం చూసి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అనకూడదమ్మా" అన్నారు. ఎడమ పక్క చూడకపోవడం వల్ల ఏ మార్కులు పోయాయో, దిగులు వల్ల ఏవి పోయి ఉండొచ్చో ఒక్కో ప్రశ్న చూపిస్తూ చెప్పారు. స్ట్రోక్‌కు ముందు నాన్న ఎలా ఉండేవారో అమ్మను విడిగా కూర్చోబెట్టి అడిగారు.

న్యూరాలజిస్టు సార్ వేరే కారణం ఏమైనా ఉందేమోనని థైరాయిడ్, బి12 చూసి, డిప్రెషన్‌కు మందు మొదలుపెట్టారు. మొదటి స్ట్రోక్ తర్వాత దాదాపు పది మందిలో ఒకరికి డిమెన్షియా వస్తుందట. మళ్లీ స్ట్రోక్ వస్తే మూడో వంతు మందికి పైగానే. ఇన్నాళ్లూ డబ్బాలో మిగిలిపోయిన ఆ బీపీ మాత్రలు మళ్లీ స్ట్రోక్ రాకుండా కాపాడేవని అప్పుడు తెలిసి గుండె ఝల్లుమంది.

రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు అమ్మాయి మాత్రల డబ్బా ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించింది. తల తిప్పి ఎరుపు కనిపించాకే మాత్ర తియ్యాలని నాన్నకు రోజూ ఓపిగ్గా నేర్పింది. ఇప్పుడు ఒక్కటీ మిగలట్లేదు.

ఆరు నెలలకు మళ్లీ పరీక్ష చేశారు, పాత ప్రశ్నలు గుర్తుండిపోకుండా వేరే ప్రశ్నపత్రంతో. 24 వచ్చింది. డిమెన్షియా కాదన్నారు, కొంత మందగింపు ఉంది కాబట్టి చూపించుకుంటూ ఉండమన్నారు. ఈసారి గడియారంలో తొమ్మిది ఎడమవైపే ఉంది, కాస్త కిందికి జారి. ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను.

మీ అందరికీ నాన్న తరఫున, అమ్మ తరఫున, నా తరఫున నమస్కారాలు.