పౌండ్లు చూసి కాదు, బార కొలిచి విల్లు కొనండి

సంపాదకులకు,

డాలస్ చుట్టుపక్కల విల్లుతో జింకల వేట నేర్చుకుందామనుకునే తెలుగు కుర్రాళ్లు ఇప్పుడు అక్కడక్కడా తగులుతున్నారు. వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ విషయంలో ఉండే ఫెడరల్ ఆంక్షలు విల్లుకి లేవు. పైగా టెక్సస్‌లో గ్రేసన్ కౌంటీలాంటి చోట జింకని విల్లుతోనే కొట్టాలి. సరదా మంచిదే, చిక్కల్లా కొనే తీరులోనే ఉంది. ఆన్‌లైన్‌లో 70 పౌండ్ల కాంపౌండ్ విల్లు (కొసల్లో కప్పీలుండే రకం) తగ్గింపు ధరకి కనపడగానే కొనేస్తున్నారు. పౌండ్లంటే విల్లు లాగడానికి పట్టే బలం. అది ఇంటికొచ్చాక భుజం పట్టేస్తుంది, బాణం ఒక చోట పడదు, ఆర్నెల్లు తిరక్కుండా విల్లు గరాజ్‌లో మూలపడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు కొలవాల్సింది చేతుల పొడవు. గోడకి వీపు ఆనించి రెండు చేతులూ బార్లా చాపండి. ఈ నడివేలి కొస నుంచి ఆ నడివేలి కొస దాకా ఇంకొకరి చేత టేపు పెట్టించండి. వచ్చిన అంగుళాలని 2.5తో భాగిస్తే మీ డ్రా లెంగ్త్, అంటే మీరు తాడుని ఎంత వెనక్కి లాగాలన్నది, సుమారుగా తేలుతుంది. బార 67 అంగుళాలుంటే 26.8 వస్తుంది, అంటే 27 దగ్గర మొదలుపెట్టాలి. ఇది రవిక కొలతలాంటిది, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. స్నేహితుడి విల్లుతో రెండు బాణాలు వేసి ‘నాకూ ఇదే కావాలి’ అనుకోవడం ఇందుకే తప్పు. కొలత ఎక్కువైతే మోచెయ్యి బిగుసుకుంటుంది, తల వెనక్కి వాలుతుంది, స్ట్రింగ్ (అల్లెతాడు) ముంజేతిని చరుస్తుంది. లాగిన చెయ్యి దవడ మీద ప్రతిసారీ ఒకే చోట ఆనదు కాబట్టి బాణాలు కుడికీ ఎడమకీ చెదురుతాయి. సందేహమొస్తే అర అంగుళం తక్కువకే మొగ్గండి. కొన్ని విళ్లలో ఈ కొలత మార్చడానికి అలెన్ కీ చాలు, కొన్నిటికి వేరే మాడ్యూల్ (కప్పీకి బిగించే ముక్క) కొనాలి లేదా షాపులో ప్రెస్ (విల్లుని నొక్కి తాడు వదులుచేసే యంత్రం) మీద పెట్టించాలి. డబ్బు కట్టకముందే ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

రెండోది కన్ను. కుడిచేతి వాటం ఉన్నా ఎడమ కన్ను ముందుండేవాళ్లు ఉంటారు. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరాన ఉన్న గడియారాన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూసినప్పుడు, ఏ కన్ను తెరిచి ఉంటే గడియారం కదలకుండా ఉంటుందో అదే మీ పెద్ద కన్ను. విల్లు కుడిదా ఎడమదా అన్నది దీన్నిబట్టి తేల్చుకోవడం మేలు.

ఆ తర్వాతే పౌండ్లు. రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లు కూడా మొదట్లో ఇక్కడే బోర్లాపడతారు. బరువులెత్తే కండలు వేరు, విల్లు లాగే వీపు కండలు వేరు. కుర్చీలో కూర్చుని పాదాలు కొంచెం పైకెత్తి, విల్లుని లక్ష్యం ఎత్తులోనే ఉంచి నేరుగా వెనక్కి లాగండి. విల్లుని ఆకాశంలోకి ఎత్తితేనే లాగగలుగుతున్నారంటే ఆ బరువు మీకు ఎక్కువే. మగవాళ్లు 40 నుంచి 50, ఆడవాళ్లు 30 నుంచి 40 పౌండ్లతో మొదలుపెడితే చాలు. 80 శాతం లెట్‌ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) ఉన్న 50 పౌండ్ల విల్లుని పూర్తిగా లాగాక చేతి మీద ఉండేది 10 పౌండ్లే. 20 గజాల్లోపు వైట్‌టెయిల్ జింకకి పదునైన ములికితో 45 పౌండ్ల విల్లు సరిపోతుంది. వేటకి కనీసం ఇన్ని పౌండ్లుండాలని చాలా రాష్ట్రాల్లో నిబంధన ఉంది, మీ రాష్ట్రం వేట నిబంధనల పుస్తకం చూసుకోండి. పౌండ్లు పెంచాలన్నా తగ్గించాలన్నా పైనా కిందా ఉన్న లింబ్ (విల్లు కొమ్మ) బోల్టులు రెంటినీ సమానంగా తిప్పాలి, తయారీదారు చెప్పిన చుట్లకి మించి వదులు చేయకూడదు.

పెట్టె మీద సెకనుకి 340 అడుగులని రాసి ఉంటే పొంగిపోకండి. ఆ వేగం 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల (బాణం బరువుకి వాడే చిన్న కొలత) బాణంతో కొలిచినది. 27 అంగుళాల మనిషి 50 పౌండ్లతో 400 గ్రెయిన్ల బాణం వేస్తే దాని దరిదాపుల్లోకి కూడా రాదు. దానికంటే బ్రేస్ హైట్, అంటే లాగనప్పుడు పిడికీ తాడుకీ మధ్య ఉండే దూరం, చూడండి. అది 7 అంగుళాల దాకా ఉన్న విల్లు కొత్తవాళ్ల పొరపాట్లని కొంత సర్దుకుపోతుంది.

విల్లు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా బాణం మీద పెట్టరు. బాణం వంగే గుణాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద ఉంచిన బాణపు కాడకి మధ్యలో 880 గ్రాములు వేలాడదీస్తే 0.4 అంగుళం కిందికి వంగేది 400 స్పైన్. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. 50 పౌండ్లకీ 27 అంగుళాల బాణానికీ 500 దగ్గర పడుతుంది, కంపెనీ చార్టులో ఒకసారి సరిచూసుకోవాలి. ములికి, కాడ, ఈకలు అన్నీ కలిపి పౌండుకి 8 గ్రెయిన్ల చొప్పున, అంటే 50 పౌండ్లకి 400 గ్రెయిన్లు ఉంచండి. పౌండుకి 5 గ్రెయిన్ల కంటే దిగితే, బాణం లేకుండా స్ట్రింగ్ వదిలేసినప్పటిలాగే దెబ్బంతా లింబుల మీద పడుతుంది. షాపులో ఊరికే లాగి ఖాళీగా వదిలేసిన కొత్త విల్లు లింబులు చీలి, స్ట్రింగ్ తెగిపోవచ్చు. కార్బన్ బాణాన్ని వేసే ముందు ప్రతిసారీ రెండు చేతులతో కొద్దిగా వంచి, తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకోండి. చిటపటమంటే అక్కడికక్కడే విరిచి పారేయండి. చీలిక ఉన్న బాణం వదలగానే పగిలి, విల్లు పట్టుకున్న చేతిలోకే దిగొచ్చు.

సాధనకి 100 గ్రెయిన్ల ఫీల్డ్ పాయింట్ (బ్లేడ్లు లేని మామూలు ములికి) వాడితే వేటకీ 100 గ్రెయిన్ల, పదును బ్లేడ్లుండే బ్రాడ్‌హెడ్డే పెట్టాలి. తక్కువ పౌండ్ల విల్లుకి, తగలగానే విచ్చుకునే రకం వద్దు. విచ్చుకోవడానికే కొంత శక్తి ఖర్చయి లోపలికి దిగదు. కదలని బ్లేడ్ల రకం తీసుకోండి. ఫీల్డ్ పాయింట్లు పడిన చోట ఇవి పడకపోతే విల్లు ట్యూనింగ్ (బాణం తిన్నగా పోయేలా చేసే సర్దుబాటు) కుదరలేదని అర్థం. వీటిని సంచీ టార్గెట్ మీద వేస్తే గుడ్డంతా చీరేస్తాయి, ఫోమ్ టార్గెట్ కావాలి.

మిగతా సామానుకి అంత ఆలోచన అక్కర్లేదు. మణికట్టుకి బకిల్‌తో బిగించుకుని తాడుని వదిలే రిలీజ్, బాణం జారిపోకుండా చుట్టూ పట్టుకునే రెస్ట్, 20, 30, 40 గజాలకి గురి చూసుకునే మూడు పిన్నుల సైట్, మీ కంటికి సరిగ్గా ఎదురొచ్చేలా షాపువాడు తాడులో కట్టిన పీప్ (గురి చూసే రంధ్రం) ఉంటే చాలు.

దూరం విషయంలో మాత్రం ఆశకి పోవద్దు. 30 గజాలంటే 90 అడుగులు. సెకనుకి 250 అడుగులు పోయే బాణానికి 0.36 సెకను పడుతుంది, స్ట్రింగ్ చప్పుడు 0.08 సెకనుకే జింక చెవిన పడుతుంది. మిగిలిన పావు సెకనులో అది ఒళ్లు కుంగించి ఎగరబోతుంది, ఊపిరితిత్తులకి తగలాల్సింది వెన్నుకి తగులుతుంది. మొదటి సీజను 20 గజాలు దాటకండి.

టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. వేట లైసెన్సు మీద, విల్లు వేటకి అనుమతిచ్చే 7 డాలర్ల ఆర్చరీ ఎండార్స్‌మెంట్ కూడా ఉండాలి. ఇదంతా ఇక్కడి మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని విల్లుతో కొట్టినా జైలే. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

విల్లు సీజను సెప్టెంబరు నెలాఖరున గానీ అక్టోబరు తొలి శనివారం గానీ మొదలవుతుంది. ఆగస్టు వచ్చేసరికి షాపుల్లో ట్యూనింగ్‌కి వరస కడతారు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే కొలతలు తీరిగ్గా తీస్తారు, వీపు గట్టిపడటానికీ నాలుగైదు నెలలు చేతిలో ఉంటాయి.

ఇట్లు,
ఒక విలువిద్య శిక్షకుడు,
ఫ్రిస్కో, టెక్సస్