అమ్మలూ, చిన్నోడిని దసరాకి పంపు

అమ్మలూ,

మొన్నాదివారం వీడియో కాల్‌లో చిన్నోడు ఓ మాట అడిగాడు చూడు, "తాతయ్యా, మీ ఊరు సముద్రంలో కలిసిపోతుందంట కదా, నీకు భయం లేదా" అని. స్కూల్లో ఏదో ప్రాజెక్ట్ ఇచ్చారంట. నేను ఠక్కున "ఛ, అదేం లేదురా నాన్నా, ఎవరు చెప్పారు నీకు" అనేశాను. నువ్వేమో ఫోన్ తీసేసుకుని మామిడికాయ పచ్చడి గురించి ఎత్తుకున్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట ఇదే గొంతుతో 1996లో నీకు కూడా చెప్పాను. ఫోన్‌లో అయితే నువ్వు మాట మార్చేస్తావని కూర్చుని రాస్తున్నాను, పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదువుకో.

నీకప్పుడు ఆరేళ్ళు. నవంబర్ 6, కోనసీమ తుఫాను రాత్రి. కరెంట్ పోయింది, చీకటి పడ్డాక గాలి ఇంక ఆగలేదు, పెంకులు ఒక్కోటీ లేచిపోతుంటే మీ అమ్మ నిన్ను మంచం కిందకి తోసి తను అడ్డంగా పడుకుంది, నువ్వు "నాన్నా ఏమవుతుంది" అని అడుగుతూనే ఉన్నావు, నేను "ఏం లేదమ్మా, గాలి, అంతే" అంటూనే ఉన్నాను. తెల్లారేసరికి మన దొడ్లో 18 కొబ్బరిచెట్లకి 7 మిగిలాయి. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. నాన్న చెప్పింది నిజం కాదని నీకు ఆ పొద్దున్నే తెలిసిపోయింది.

అదే రాత్రి మీ అన్నయ్య చేతికి దూడ పలుపు ఇచ్చాను, "వదలకురా, ఇది బెదిరితే కష్టం" అని. వాడు తెల్లార్లూ దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పటికీ తుఫాను కబుర్లు వస్తే వాడు ఆ దూడ గురించే చెప్తాడు, ఎలా వణికింది, ఎలా తన ఒళ్ళో తల పెట్టింది అని. నువ్వు మాత్రం ఆ చప్పుడు గురించి చెప్తావు. నీ చేతికి నేనేమీ ఇవ్వలేదు తల్లీ. అదొక్కటే కాదు, తర్వాత నిన్ను రేవు దిగనివ్వలేదు, ఏటిగట్టు ఎక్కనివ్వలేదు, కాలువలో ఈత వద్దన్నాను. ప్రేమతోనే చేశాను. కానీ గోదారి ఒడ్డున పుట్టి ఈత రాని పిల్లవి మన వీధిలో నువ్వొక్కదానివే అయ్యావు. పద్నాలుగో అంతస్తులో కూడా కాస్త గాలేస్తే కిటికీలన్నీ మూసేస్తుందండీ అని అల్లుడుగారు నవ్వుతూ చెప్తారు. నాకు నవ్వు రాదు.

చిన్నోడు అడిగింది అబద్ధం కాదు. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని ఎలా కోసుకుపోతుందో నువ్వూ చూశావు. ఇటు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎదురొచ్చి తోటలకి తోటలు మొవ్వు ఎండి మోడులైపోయాయి, ఆ దారిలో వెళ్తే కడుపు తరుక్కుపోతుంది. మన నేలంతా గోదారి తెచ్చిపోసిన ఒండ్రే కదా, పైన కట్టిన ఆనకట్టల దగ్గర ఆ మట్టి చాలావరకు ఆగిపోతుంది, కొత్త మట్టి పడకపోతే డెల్టా నేల కుంగుతుంది, సముద్రమేమో పెరుగుతుంది. ఇదంతా వాడికి చెప్పాలి. కానీ ఫోన్‌లో ఓ ముక్కలో చెప్తే మిగిలేది భయమే, అందుకే ఇక్కడ నిలబడి వాడు చూస్తుండగా చెప్పాలి.

అరుగు స్తంభం మీద మా నాన్న 1986 వరదకి గీసిన గీత ఉంది కదా, దానికి జానెడు కింద నేను 2022లో గీశాను. అప్పుడు భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది, ఈసారి 71 దాటింది. ముందుది శ్రావణంలో వచ్చింది, పెద్ద వరదంటే మాకు అదే లెక్క, రెండోది ఆషాఢంలోనే వచ్చేసింది, నారుమళ్ళు నీళ్ళ కిందే కుళ్ళిపోయాయి. ఆ రెండు గీతల దగ్గర వాడిని నిలబెట్టి వాడి ఎత్తు ఎంతో మూడో గీత గీస్తాను. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని నేర్పుతాను. రోజూ పొద్దున్నే రేవులో ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెట్టి వాడే నోట్‌బుక్‌లో రాయాలి, ఆ పని వాడిదే, నేను గుర్తు చెయ్యను.

ఓ రోజు కోరింగ తీసుకెళ్తాను. మడ చెట్ల వేర్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకోవడం, పోటు వచ్చేసరికి అవన్నీ మునిగిపోవడం వాడు చూడాలి. తుఫాను కెరటాన్ని ముందు తట్టుకునేది ఆ చెట్లే. నీటిపిల్లి కనపడుతుందని మాటివ్వను, తాబేళ్ళు గుడ్లు పెట్టేది దసరాకి కాదు, జనవరి తర్వాత. బట్టలు బురదవుతాయి, నువ్వు ఫొటో చూసి తిట్టకూడదు.

వేసవిలో పంపుతానంటావేమో, వేసవిలో కాలువలు కట్టేస్తారు, నీళ్ళుండవు. అక్టోబర్ అంటే తుఫాన్ల కాలం అని నీ గుండె కొట్టుకుంటుందని నాకు తెలుసు. ఇప్పుడు కబురు రోజుల ముందే వస్తుంది, వస్తే నీకు వెంటనే చెప్తాను, రైళ్ళు ఆగకముందే నీ దగ్గరికి పంపించేస్తాను. ఆ టైమ్ కూడా లేదనుకో, తుఫాను షెల్టర్‌కి అందరికంటే ముందు మేమే వెళ్తాం, టార్చిలైటూ బియ్యం మూటా కాగితాల సంచీ సర్దడం వాడితోనే చేయిస్తాను, "తాతయ్యా ఏమవుతుంది" అని వాడడిగితే తెలిసింది తెలిసినట్టు చెప్తాను. ఏం లేదు అని మాత్రం అనను.

కాలువలో నడుము లోతు దాటనివ్వను, నేను నీళ్ళలోనే ఉంటాను. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నువ్వు కూడా వాడితో వచ్చెయ్, రాజమండ్రి స్టేషన్‌కి నేనొస్తాను. ముప్ఫై అయిదేళ్ళకి ఈత రాదా ఏంటి. మీ అన్నయ్య నడుముకి కట్టుకుని ఈత నేర్చుకున్న ఎండు కొబ్బరికాయలు ఇప్పుడెక్కడుంటాయిలే, మొన్న కాయలు దింపినప్పుడు మంచివి చూసి నాలుగు పక్కన పెట్టాను, మీ ఇద్దరికీ చెరో జత. తాడు ఇంకా కొనాలి.

నాన్న