ఆదివారం తల్లిదండ్రుల సమావేశం

అందరికీ నమస్కారం. చదవడంలో ఇబ్బంది పడే మన పిల్లల గురించి మాట్లాడుకోవడానికి ఈ ఆదివారం ఉదయం 10:30కు మన కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. పిల్లల సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు వస్తున్నారు.

ఈలోగా ఒక పని తప్పక చేయండి. పిల్లలు మొండికేసిన ప్రతిసారీ అంతకుముందు ఏం జరిగింది, వాళ్లు ఏం చేశారు, తర్వాత మనం ఏం చేశాం, ఈ మూడూ రాసిపెట్టండి. మా అబ్బాయి చదవలేకే పుస్తకం విసిరేస్తున్నాడని, అది పొగరు కాదని మాకు అలాగే తెలిసింది.

పాత రిపోర్టులు, స్కూలు నోటుపుస్తకాలు తెచ్చుకోండి. డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది కలిగించే సమస్య) 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పరిధిలో ఉంది కాబట్టి పరీక్షల్లో అదనపు సమయం గురించీ అడుగుదాం.

అమ్మమ్మలు, తాతయ్యలు కూడా వస్తే మరీ మంచిది. వచ్చేవారు శుక్రవారంలోగా పేర్లు ఇవ్వండి.

పిల్లల రిపోర్టులు దయచేసి గ్రూపులో పెట్టవద్దు.