గుమ్మానికి ప్లాస్టిక్ తోరణమా?

ఎడిటర్ గారికి నమస్కారం. ఉగాది వస్తుందంటే చాలు, బజార్లో ఎక్కడ చూసినా ప్లాస్టిక్ మామిడాకులు, ప్లాస్టిక్ బంతిపూలే వేలాడుతున్నాయండి, చూస్తే మనసుకి చాలా కష్టంగా ఉంది. అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతా బ్యాన్ చేశారు కదా, మరి ఈ ప్లాస్టిక్ తోరణాలు మనమే మానెయ్యాలి.

ఇంట్లో చేసుకోవడం ఏమంత కష్టం కాదు, పురికొస గుమ్మం వెడల్పు కంటే ఓ జానెడు ఎక్కువ కోసుకుని, మామిడాకు తొడిమ వైపు కొసని దారం మీదుగా వెనక్కి మడిచి చీపురుపుల్ల ముక్క గుచ్చితే చాలు ఊడదు, మధ్యమధ్యలో బంతిపూలు, వేపరెమ్మలు పెడితే ఎంత కళగా ఉంటుందో! మా అమ్మాయికైతే అరటినార తడిపి మల్లెమొగ్గలు కట్టడం కూడా నేర్పాను (నార ఎండితే తెగిపోతుంది, తడిగానే ఉండాలి), మొదట్లో ముళ్లు జారిపోయేవి, ఇప్పుడు తన జడకి తనే మాల కట్టుకుంటుంది.

మీ పేపర్లో పండగ ముందు ఆదివారం పిల్లల పేజీలో ఇలాంటివి బొమ్మలతో వెయ్యండి ప్లీజ్.

— ఒక పాఠకురాలు, విజయవాడ