రోడ్ల మీద వాళ్ల అవస్థ కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది కోవూరు. గాజా మీద బాంబులు పడితే మీ పేపర్లో ఫోటోతో సహా వేస్తారు, మంచిదే, కానీ ఇజ్రాయెల్ మిలిటరీ అదుపులో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనా జనం రోజూ రోడ్ల మీద పడే అవస్థ గురించి రెండు లైన్లు కూడా కనపడవు, అందుకే రాస్తన్నా.

2021 నవంబర్లో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలుకట్ట తెగి, హైవే కూడా ఆగిపోయిన రోజున మా అమ్మకి డయాలసిస్ ఉంది. ఆస్పత్రేమో ఏటికి అవతల నెల్లూర్లో. కాళ్లు వాచిపోయి మంచం మీద కూచుని "ఈరోజన్నా పోనిస్తారంట్రా" అని అడగతా ఉంటే నాకు నోట మాట రాలా. సరే అది వరద, తగ్గింది, తీసుకుపోయాం.

అక్కడ తగ్గేదేం లేదు. వెస్ట్ బ్యాంక్ పేషెంటు తూర్పు జెరూసలేంలో మకాసిద్ ఆస్పత్రికి పోవాలంటే ఇజ్రాయెల్ పర్మిట్ కావాల. అది చేతికొచ్చినా వాళ్ల అంబులెన్సుని చాలాసార్లు చెక్‌పోస్టు దాటనివ్వరు, అక్కడే స్ట్రెచర్ దించి అవతలి అంబులెన్సులోకి ఎక్కించాల. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ, మా అమ్మే గుర్తొచ్చింది.

వెస్ట్ బ్యాంక్ మొత్తం కలిపినా మన నెల్లూరు జిల్లా అంత ఉండదు. 2025 మొదట్లో ఐక్యరాజ్యసమితి వాళ్లు లెక్కేస్తే అందులో 849 అడ్డంకులు తేలినయ్, చెక్‌పోస్టులు, గేట్లు, మట్టికట్టలు అన్నీ కలిపి. బెత్లెహేం నుంచి రమల్లాకి దగ్గర దారి జెరూసలేం మీదగా, పర్మిట్ లేనోళ్లు వాదీ అల్ నార్ అనే కొండదారిలో చుట్టు తిరగాల, దాని పేరుకి అర్థమే నిప్పుల లోయ.

రైతుల సంగతి ఇంకా ఘోరం. 2002 నుంచి ఇజ్రాయెల్ కట్టిన గోడకి అవతల పడిపోయిన ఆలివ్ తోటలకి పోవాలంటే మిలిటరీ వాళ్లు గేటు తీయాల, కొన్ని గేట్లు కాయ కోసే అక్టోబర్, నవంబర్లో మాత్రమే తీసేవాళ్లు, 2023 అక్టోబర్ తర్వాత అదీ చాలా చోట్ల లేదు. పండిన చేను ఎదురుగా కనపడతా ఉంటే కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడి చూడమంటే మన కోవూరు రైతు ఊరుకుంటాడా చెప్పండి.

ఆత్మాహుతి దాడులు ఆపడానికే గోడ అని ఇజ్రాయెల్ అంటంది, ఆ దాడుల్లో వాళ్ల జనం చచ్చిపోయారు, నేను కాదనను. కానీ సరిహద్దు మీదే కట్టుంటే ఒక మాట, ఆ గోడ దారిలో 85 శాతం దాకా వెస్ట్ బ్యాంక్ లోపలే పోతంది, అది చట్టవిరుద్ధమని 2004లోనే అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది.

ఆదివారం పుస్తకంలో ఒక పేజీ ఇవ్వండి సార్, ఆ గేట్ల మ్యాపు కూడా వెయ్యండి, మా ఊళ్లో టీకొట్టు దగ్గర పేపర్ చదివేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీ పాఠకుడు, కోవూరు, నెల్లూరు జిల్లా