84 పేజీల బాకీ

నిన్న మధ్యాహ్నం మూడున్నరకు నా పీహెచ్‌డీ వైవా ముగిసింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు "అభినందనలు" అన్నప్పుడు నాకు వెంటనే ఎక్కలేదు. ఇంకో ప్రశ్న వస్తుందేమోనని కాగితాలు సర్దుకుంటూ అలాగే కూర్చున్నాను. ఏడేళ్ల పని. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇప్పుడేమో కళ్లు మూసుకుపోతున్నాయి. అయినా ఇది ఈరోజే రాయాలి. రెండు రోజులు ఆగితే పద్ధతిగా రాస్తాను, అసలు రాయవలసినది మాత్రం అందులో ఉండదు.

నా పరిశోధన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి మీద. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పుకునేదాన్ని ఈ పనిలోకి దించింది పదో తరగతి పిల్ల ఒకతి. "మేడం, ఈయన దేనిలో డాక్టరేట్ చేశారు?" అని అడిగింది. తడుముకున్నాను. ఆ పేరు ముందు డాక్టర్ అనే మాట చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను గానీ, ఆయన్ను రోగి నాడి పట్టుకుని కూర్చున్న మనిషిగా ఒక్కసారీ ఊహించుకోలేదు. ఆ సాయంత్రం వెతికితే తెలిసింది. 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో బీఏ చదివి, ఆపైన వైద్యంలో ఎంబీసీఎం పట్టా పుచ్చుకుని, బందరులో ప్రాక్టీసు పెట్టిన అసలు సిసలు వైద్యుడు. చేతినిండా పని ఉన్న రోజుల్లోనే దాన్ని వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లిపోయారు.

మనవాళ్లకు గుర్తున్నది మాత్రం ఒక్క ఓటమి. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక, సుభాష్ చంద్రబోస్‌కు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377. పట్టాభి ఓటమి ఆయనకంటే నాకే ఎక్కువ ఓటమి అని గాంధీ గారు అన్నమాట. పోటీ పరీక్షల బిట్టు అక్కడితో సరి. మౌలానా ఆజాద్ బరిలోంచి తప్పుకున్నాకే ఈయన పేరు ముందుకు వచ్చిందని ఎవరూ చెప్పరు. తొమ్మిదేళ్ల తర్వాత పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి అదే పదవిలో కూర్చున్నారనీ చెప్పరు. 1939లో బోస్ అధ్యక్షత వహించిన కాంగ్రెస్ మహాసభ జబల్‌పూర్ దగ్గరి త్రిపురిలో జరిగింది. ఆ త్రిపురి ఉన్న మధ్యప్రదేశ్‌కే ఈయన 1952 నుంచి 1957 దాకా గవర్నరు! ఈ ముక్క క్లాసులో చెప్తే పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. పెద్దవాళ్లకు చెప్తే "ఓహో" అంటారు, అంతే.

సరే, కృతజ్ఞతలు చెప్పడానికి కూర్చుని పాఠం మొదలుపెట్టాను. అలవాటు పోదు.

2022 ఆగస్టులో బందరులోని ఒక పాత గ్రంథాలయానికి మూడుసార్లు వెళ్లాను. నాకు కావలసినవి 1910 నుంచి వచ్చిన కృష్ణాపత్రిక సంచికలు. ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించిన నాటి వార్తలు, సభల వివరాలు. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి గారు ముగ్గురూ కలిసి నడిచిన కాలం అది. మొదటిసారి వెళితే, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్తరం మీద సీలు లేదన్నారు. రెండోసారి సీలు ఉంది, తేదీ పాతబడిందన్నారు. మూడోసారి లోపలికి పంపారు. జెరాక్స్ కుదరదు, ఫోనుతో ఫొటో తీయకూడదు, కాగితం పాడవుతుందట. కూర్చుని చేత్తో రాసుకోవచ్చు. ఈ నియమం చెప్తున్న ఉద్యోగి వెనక పైకప్పు కారుతోంది. కింద బకెట్ పెట్టారు. ఆ బకెట్‌కు మూరెడు దూరంలో, తడి నేల మీద, వందేళ్లు దాటిన సంపుటాల కట్ట. వాన పాడుచేస్తే నియమాలకు అభ్యంతరం లేదు, నేను ఫొటో తీస్తేనే ప్రమాదం.

ప్రభుత్వ టీచరుకు ఏడాదికి 15 సీఎల్‌లు, అంటే క్యాజువల్ లీవులు. ఒంట్లో బాగోకపోయినా, పిల్లలకు జ్వరం వచ్చినా, బంధువుల పెళ్లయినా అవే. పార్ట్‌టైమ్ పరిశోధకులకు ఫెలోషిప్ ఉండదు, ప్రత్యేక సెలవు అడిగితే "చదువుకోవడానికి ఇప్పుడు తొందరేమిటి, సర్వీసు ఉంది కదా" అంటారు. విజయవాడలో బస్సు మారి బందరు చేరేసరికి పదకొండు దాటేది. నాలుగింటికి తలుపులు మూస్తారు. ఆరోజు నేను రాసుకోగలిగినవి 9 పేజీలు. మిగిలినవి లెక్కపెట్టుకున్నాను, 84. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, పొద్దున కట్టుకున్న టిఫిన్ డబ్బా తెరిచాను. పులిహోర పులిసిపోయింది. మూత పెట్టేశాను. ఏడవలేదు గానీ, ఏడిస్తే నయమనిపించింది.

పేపరు చదువుకోవడానికి వచ్చిన పెద్దాయన ఒకరు చెప్పులు వేసుకుంటూ ఆగారు. పంచె, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"ఏ ఊరమ్మా?"

చెప్పాను. ఎందుకు వచ్చానో కూడా చెప్పాను, ఎవరైనా అడిగితే చెప్పేసే స్థితిలో ఉన్నాను.

"ఎవరి మీద?"

"పట్టాభి గారి మీదండీ."

"మా యజమాని" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన మెట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. "ఆయన పెట్టిన బ్యాంకులో 36 ఏళ్లు పనిచేశానమ్మా. ఆయన్ను నేను చూడలేదు. జీతం మాత్రం ప్రతి నెలా చూశాను."

1923 నవంబరు 28న లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో బందరులో తలుపులు తెరిచిన ఆంధ్రా బ్యాంకు గురించి నేను ఒక అధ్యాయమే రాశాను. 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ అనే మరో బీమా సంస్థ. పట్టాభి గారి చేతి మీదుగా మొదలైన సంస్థలన్నీ పట్టిక వేశాను. ఆ పట్టిక మొత్తానికి లేని బరువు ఆ ఒక్క మాటకు ఉంది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైన రోజు ఏం చేశారని అడిగాను. "లాక్‌డౌన్ కదమ్మా, ఇంట్లోనే ఉన్నాను. పాస్‌బుక్కు తీసి చూసుకున్నాను" అన్నారు.

తర్వాత ఆయన అడిగినది ఒకటే. "ఏ సంచికలు, ఏ పేజీలు? రాసివ్వండి. నాకు సభ్యత్వం ఉంది, పొద్దున్నే వస్తాను, పనేమీ లేదు."

మొహమాటపడ్డాను. ఆయన వయసు 78. కాగితాలకూ పోస్టుకూ అని ఒక 500 నోటు బలవంతంగా చేతిలో పెట్టి బస్సెక్కాను. నిజం చెప్పాలంటే, మర్చిపోతారనుకున్నాను. ఆ అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఐదు వారాల తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో కట్ట వచ్చింది. స్కూల్లో లంచ్ బెల్లుకు స్టాఫ్‌రూములో విప్పాను. 84 పేజీలు. లెడ్జర్‌లో అంకెలు వేసి వేసి అలవాటైన చెయ్యి కాబోలు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం కూడా తేడా లేదు. ప్రతి పేజీ పైన సంచిక తేదీ, పుట సంఖ్య, కింద తాను రాసిన తేదీ, పొట్టి సంతకం. పాత అచ్చులోని అరసున్నలు, బండిరాలు ఉన్నవి ఉన్నట్లే దించారు. కొన్నిచోట్ల మార్జిన్‌లో ఎర్ర సిరాతో గమనికలు. 41వ పేజీ మార్జిన్‌లో ఉన్నది మాత్రం నాకు కంఠతా వచ్చు: "ఇక్కడ ఒక మాట పురుగు తిన్నది. ఊహించి రాయలేదు."

అది చదివాక స్టాఫ్‌రూములో ఏడ్చాను. లెక్కల మాస్టారు ఇంట్లో ఎవరికైనా బాగోలేదేమోనని కంగారుపడ్డారు. పరిశోధన పద్ధతుల మీద ఒక కోర్సు చేశాను, పరీక్ష రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఊహించి రాయకూడదని నాకు తెలియజెప్పింది మాత్రం ఆ ఎర్ర సిరా.

కట్ట అడుగున చిన్న కవరు. లోపల చీటీ: "మీరు ఇచ్చినది 500. తెల్లకాగితాలు, పెన్నులు, పోస్టు ఖర్చు 163. మిగిలిన 337 ఇందులో ఉంచాను. సరిచూసుకోవలసినది." నోట్లు మడతపెట్టి, ఏడు రూపాయల చిల్లర ఒక అట్టముక్కకు టేపుతో అంటించి. పోస్టులో డబ్బు పెట్టకూడదని ఆయనకు తెలియకుండా ఉండదు. బహుశా ఆయన జీవితంలో దాటిన నియమం అదొక్కటే. ఆ అట్టముక్క ఇంకా నా బీరువాలో ఉంది, చిల్లర విప్పలేదు.

ఐదు వారాల పాటు రోజూ రానూపోనూ నడిచే వెళ్లారని తర్వాత ఫోనులో తెలిసింది. ఆటో ఖర్చు చీటీలో ఎందుకు లేదని నేను నిలదీస్తే.

గైడ్ గారు కొట్టేసిన వాక్యం ఒకటి ఉంది. ఇక్కడ ఎవరూ కొట్టేయలేరు కాబట్టి రాస్తున్నాను. పట్టాభి గారు వైద్యం మానేశారని అందరూ రాస్తారు, నాకలా అనిపించదు. సహకార బ్యాంకు, బీమా, జాతీయ విద్య, ఆంధ్ర రాష్ట్రం కోసం పట్టుదల, అన్నింట్లోనూ ముందు రోగం ఏమిటో తేల్చుకుని తర్వాత మందు రాసే చూపు కనిపిస్తుంది. అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు నిర్బంధంలో ఉండి రోజువారీ డైరీ రాసిన తీరు కూడా వార్డులో రోగి స్థితి రాసుకునే వైద్యుడి తీరే. "ఆధారం?" అన్నారు గైడ్ గారు. లేదు. తీసేశాను. ఆయన అన్నది సబబే, ఎర్ర సిరా కూడా అదే కదా అంటున్నది. అయినా అనిపించడం మానదు.

అన్నీ మెచ్చుకోవడానికే రాశానని కాదు. జవహర్‌లాల్, వల్లభభాయ్‌లతో కలిసి ఈయన 1949లో సంతకం పెట్టిన జేవీపీ నివేదిక భాషా రాష్ట్రాలను వాయిదా వేయమంది. మద్రాసు నగరం మీద పట్టు వదులుకుంటే ఆంధ్ర సంగతి చూడవచ్చంది. రాష్ట్రం కోసం అన్నేళ్లు వాదించిన మనిషి ఆ సంతకం ఎలా పెట్టారన్నది నిన్నటి వైవాలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన ప్రశ్న. నా జవాబు నాకే తృప్తిగా లేదు.

మావారికి, అత్తయ్యకు, ఇద్దరు పిల్లలకు వేరే చెప్పాలా? ఏడేళ్లు భరించారు. అమ్మకు ఫోనులో చెప్పాను.

నిన్న సాయంత్రం మొదటి ఫోను బందరుకే చేశాను. ఇప్పుడు వినికిడి తగ్గింది, కోడలు గారు గట్టిగా చెప్పారు. "వచ్చిందా? సంతోషం. అది సరే అమ్మా, 41వ పేజీలో ఆ మాట ఇంకెక్కడైనా దొరికిందా?" అన్నారు. దొరకలేదు బాబాయిగారూ. మరో రెండుచోట్ల ఆ సంచిక కోసం వెతికాను. ఒకచోట ఆ ఏడాది సంపుటమే లేదు, రెండోచోట డిజిటైజ్ చేస్తున్నామని మూడేళ్లుగా చెప్తున్నారు. థీసిస్‌లో ఆ ఖాళీని చుక్కలు పెట్టి అలాగే ఉంచాను, కింద మీ వాక్యం ఉన్నది ఉన్నట్లు వేశాను. పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయలేదు. ఇక్కడా వేయడం లేదు.

అయ్యో, కొందరిని మర్చిపోయాను. అను ఫాంట్లలో ఉన్న నాలుగు అధ్యాయాలను యూనికోడ్‌లోకి మార్చి, విరిగిన ఒత్తులన్నీ కూర్చుని సరిచేసిన డీటీపీ అమ్మాయికి. నా పీరియడ్లు తీసుకున్న లెక్కల మాస్టారికి, హిందీ మేడంకు. బందరు బస్సులో మర్చిపోయిన నా నోట్సు సంచిని డిపోలో భద్రంగా అప్పగించిన కండక్టరు గారికి. ఆయన మొహం కూడా నాకు గుర్తు లేదు, క్షమించాలి. మొదట ప్రశ్న అడిగిన ఆ పిల్ల ఇప్పుడు నర్సింగ్‌లో ఉంది, దానికీ.

బైండింగ్ చేసిన జెరాక్స్ షాపు అబ్బాయికి కూడా. సమర్పించే రోజు ఉదయం ఏడింటికే షట్టరు తీశాడు. అతనికింకా 240 రూపాయలు ఇవ్వాలి, సోమవారం స్కూలుకు వెళ్తూ ఇస్తాను.