తప్పు హెడ్‌లైట్‌ది కాదు, నా కంటిది

ఎడిటర్ గారూ,
బండికి టైమ్‌కి సర్వీసింగ్ చేయిస్తాం, టైర్లలో గాలి చూస్తాం, కళ్ల సంగతి మాత్రం పట్టించుకోం. నేనూ అంతే, రాత్రిపూట ఎదురొచ్చే హెడ్‌లైట్ చుట్టూ వెలుగు పువ్వులా విచ్చుకుని రోడ్డే కనపడకపోతే వాడు హైబీమ్ వేశాడని తిట్టుకునేవాణ్ణి, అద్దం తుడిచీ తుడిచీ విసిగిపోయి కంటి టెస్టుకి వెళ్తే శుక్లం మొదలైందని తేలింది (పాపం ఎంతమందిని ఊరికే తిట్టానో!). గ్లకోమా (ఎక్కువగా కంటి లోపల ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతినే జబ్బు) ఇంకా దొంగది, చాలావరకు నొప్పే ఉండదు, పక్కచూపుని మెల్లగా తినేస్తుంది, ఒక కంటి లోటుని రెండోది కప్పేస్తుంది కాబట్టి మనకి తెలీదు, పక్కనుంచి సడన్‌గా వచ్చే సైకిల్ మాత్రం కనపడదు. బోర్డు మీద అక్షరాలు చదివేసి వచ్చేయకండి, పక్కచూపు, కంటి ప్రెషర్ కూడా చూడమనండి. 40 దాటితే రెండేళ్లకోసారి, షుగర్ ఉంటే ఏటా. లైసెన్స్ రెన్యువల్ దాకా ఆగడం దేనికి?

- ఒక పాఠకుడు